పన్ను రాయితీ కొన్నవారికా, కట్టినవారికా?

అమెరికాలో కొత్త ఇల్లు కొన్న మనవాళ్ళు పన్నుల సీజన్ రాగానే నన్నడిగే మాట ఒకటుంది: "కరెంటు ఆదా చేసే ఇల్లని బిల్డర్ చెప్పాడు కదండీ, మరి టాక్స్ క్రెడిట్ నాకెందుకు రాలేదు?" నేను కంప్యూటర్ కన్సల్టెంటునే గాని పన్నుల నిపుణుణ్ణి కాను. అయితే దీని చరిత్ర చదివితే జవాబు దొరికింది.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేస్తే ఇక్కడ గ్యాస్ స్టేషన్ల ముందు కార్లు బారులు తీరాయి. ఇంధనం పొదుపు చేయించాలని 1978 నవంబరులో అధ్యక్షుడు కార్టర్ ఒక పన్ను చట్టం మీద సంతకం చేశారు. ఇంటికి ఇన్సులేషన్ వేయించుకుంటే మొదటి 2,000 డాలర్ల ఖర్చులో 15 శాతం, అంటే 300 డాలర్ల దాకా, కట్టాల్సిన పన్నులో తగ్గేది. కానీ ఒక మెలిక: 1977 ఏప్రిల్ 20కి ముందే దాదాపు పూర్తయిన ఇళ్ళకే అది. కొత్త ఇంట్లో సోలార్ పెడితే వేరే క్రెడిట్ ఉండేది. 1985 చివరికి రెండూ పోయాయి. కార్టర్ వైట్ హౌస్ కప్పు మీద పెట్టించిన సోలార్ పలకల్ని కూడా 1986లో దించేశారు.

మళ్ళీ ఇరవై ఏళ్ళకి, 2005 ఆగస్టులో, చిన్న బుష్ సంతకంతో 45ఎల్ అనే సెక్షన్ వచ్చింది. వేడికీ చల్లదనానికీ అయ్యే ఇంధనం నిర్ణీత ప్రమాణంలో సగానికి తగ్గితే కొత్త ఇంటికి 2,000 డాలర్లు. అయితే ఆ డబ్బు కట్టిన కాంట్రాక్టరుకే! గోడ లోపల ఏం పెట్టాలో తేల్చేది అతనే కదా. ఉన్న ఇల్లు బాగుచేసుకునే యజమానికి 25సి అని వేరే సెక్షన్. అది 2008లో లేదు, 2009లో తిరిగొచ్చింది. 2022 చట్టం రెండింటినీ పెంచింది. 45ఎల్ కింద 5,000 డాలర్ల దాకా వెళ్ళింది. 2025 జులై 4 నాటి చట్టం రెండింటికీ గడువు పెట్టింది: 2025 డిసెంబరు 31 దాటి అమర్చినవాటికి 25సి లేదు, 2026 జూన్ 30 దాటి బిల్డర్ నుంచి కొన్న ఇళ్ళకి 45ఎల్ లేదు.

కాబట్టి కొత్త ఇంటి క్రెడిట్లో మన వాటా ఫారాల్లో దొరకదు, బేరంలోనే దొరకాలి. ఇలాంటి చట్టం మళ్ళీ వస్తే, సంతకానికి ముందే "ఆ క్రెడిట్ మీరు తీసుకుంటున్నారు కదా, ధరలో ఎంత తగ్గిస్తారు?" అని అడగండి. ఇక 2025 లోపల పాత ఇంటికి కిటికీలో హీట్ పంపో పెట్టించి 5695 ఫారం నింపడం మరిచినవారు, రిటర్ను సవరించడానికి మామూలుగా మూడేళ్ళ గడువుంటుంది. రసీదులు వెతకండి. సెలవు.