జీఎంసీ మోటార్‌హోమ్ చక్రాల అమరిక

అమెరికాలో తొలి తరం మోటార్‌హోమ్‌లు లారీ చట్రాల మీద కట్టిన ఇళ్లు. మిషిగన్‌కు చెందిన రేమండ్ ఫ్రాంక్ 1958లో సొంత కుటుంబం కోసం అలాంటి బండి ఒకటి కట్టుకున్నాడు. కొన్నేళ్లకే దాని వారసులు డాడ్జ్ చట్రం మీద అమ్మకానికి వచ్చాయి. ముందు వైపు అడ్డంగా ఒకే ఇరుసు, దాన్ని మోసే కమాను పట్టీలు ఉండేవి కాబట్టి వాటి వీల్ అలైన్‌మెంట్ లారీ షెడ్డుకు అలవాటైన పనే. చక్రాల ముందు అంచులు లోపలికి గానీ బయటికి గానీ తిరిగి ఉండటాన్ని టో అంటారు. టై రాడ్ తిప్పితే అది కుదురుతుంది. స్టీరింగ్ తిరిగే గీత పక్కనుంచి చూస్తే వెనక్కి వాలి ఉండటం కాస్టర్. దానికోసం కమానుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు బిళ్లలు పెట్టేవారు. చక్రం పై అంచు లోపలికో బయటికో ఒరిగితే అది క్యాంబర్; అది చెడితే ఇరుసునే వంచాలి. మొరటు పనే, కానీ ఒకసారి కుదిరితే చాలాకాలం నిలిచేది.

ఈ లెక్కను తారుమారు చేసింది జనరల్ మోటార్స్. మిషిగన్‌లోని పాంటియాక్‌లో తయారైన జీఎంసీ మోటార్‌హోమ్‌ను 1972లో వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో ట్రాన్స్‌పో ప్రదర్శనకు తెచ్చారు. 1973 నుంచి 1978 వరకు నమూనాలు వచ్చాయి. మొత్తం సుమారు 12,900 బండ్లు. ముందు చక్రాలతో నడిచే మోటార్‌హోమ్ ఇదే మొదటిది కాదు. క్లార్క్ కంపెనీ కోర్టెజ్ 1963లోనే వచ్చింది. అయితే ఒక పెద్ద కార్ల కంపెనీ చట్రం నుంచి పైకప్పు దాకా మొత్తం తానే రూపొందించడం జీఎంసీ విశేషం.

ఇంజన్, గేరు పెట్టె, ముందు సస్పెన్షన్ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో కారువి. 455 ఘనపు అంగుళాల ఇంజన్‌తో మొదలై, చివరి ఏళ్లలో 403కు దిగింది. ముందు చక్రాల బరువును స్ప్రింగులు కాకుండా టార్షన్ బార్లు మోస్తాయి. ఇవి చట్రం వెంబడి పొడవుగా పడుకున్న ఉక్కు కడ్డీలు. చక్రం పైకి లేచినప్పుడు మెలితిరిగి దాన్ని కిందికి తోస్తాయి. వెనక మరీ విచిత్రం. అడ్డంగా ఇరుసు లేదు. ఒక్కో పక్క రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒకదాని చెయ్యి ముందుకు, మరోదాని చెయ్యి వెనక్కి చాచి ఉంటాయి. ఆ రెంటి మధ్య ఒక ఎయిర్ బ్యాగ్ ఇరుక్కుని ఉంటుంది. ఒక చక్రం గతుకెక్కితే ఆ ఒత్తిడి బ్యాగ్ ద్వారా రెండోదానికి చేరి, బరువు రెంటి మీదా సమంగా పడుతుంది. ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు చేర్చే తిరుగుడు కడ్డీ కూడా లేకపోవడంతో లోపలి నేల భూమికి బాగా దగ్గరగా కుదిరింది. గాలి ఎక్కించి, దించి వెనక భాగం ఎత్తు మార్చే వీలు డ్రైవరుకే ఇచ్చారు. రాత్రి బస చేసేచోట బండిని సమంగా నిలపడానికి ఇది సుఖమే. అలైన్‌మెంట్ చూసే మెకానిక్కుకు మాత్రం కొత్త తలనొప్పి.

ఎందుకంటే ఇక్కడ కోణాలు ఎత్తును బట్టి నడుస్తాయి. 26 అడుగుల నమూనాలో చక్రాల మధ్య దూరం 160 అంగుళాలు. ఆ పొడవు మీద చట్రం ఒక డిగ్రీ వాలాలంటే ఒక కొస దాదాపు 2.8 అంగుళాలు కదిలితే చాలు. వెనక భాగాన్ని గాలితో అంగుళంన్నర లేపితే ముందు కాస్టర్ అర డిగ్రీ పైగా తగ్గిపోతుంది. ఏళ్ల తరబడి బరువు మోసి టార్షన్ బార్లు కుంగినా జరిగేది అదే. పైగా క్యాంబర్ కూడా చెడుతుంది. కాస్టర్ తగ్గిన బండి హైవే మీద తిన్నగా పోదు, అటూ ఇటూ తూలుతుంది. అలాంటప్పుడు స్టీరింగ్ బాక్సును తప్పుపట్టి, దాన్ని మార్పించి, బండి ఇంకా తూలుతుంటే నిరాశపడటం ఖర్చుతో కూడిన తొందరపాటు.

కంపెనీ మాన్యువల్ అందుకే ఎత్తుకు కొలతలిచ్చింది. చట్రం పట్టీలో కోసిన రంధ్రం పై అంచు నేలనుంచి ముందు 13 1/8 అంగుళాలు, వెనక 11 11/16 అంగుళాలు ఉండాలి. చదునైన నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, మామూలుగా ప్రయాణంలో ఉండే బరువుతో కొలవాలి. ముందు ఎత్తును టార్షన్ బారు కొసన ఉండే బోల్టు తిప్పి, వెనక ఎత్తును గాలి వాల్వుతో సరిచేయాలి. దాని తర్వాతే బాల్ జాయింట్లలో ఆట, స్టీరింగ్ లింకుల్లో వదులు చూడాలి. చివరికి పై చేతుల దగ్గరి క్యాము బోల్టులతో కాస్టర్, క్యాంబర్. టై రాడ్లతో టో. కోణాలు ముందు సరిచేసి ఎత్తు తర్వాత మారిస్తే పడిన శ్రమంతా గంగలో పోసినట్టే.

వెనక చక్రాల్ని అలైన్‌మెంట్ లెక్కలోకే తీసుకోకపోవడం సాధారణ పొరపాటు. వాటి చేతులు తిరిగే పిన్నులకు గ్రీజు అందకపోతే బుష్‌లు అరిగి చక్రాలు ఒరుగుతాయి. టైరు ఒక అంచే అరగడం దాని తొలి గుర్తు. యంత్రం లేనిచోట టోను చూసే పాత పద్ధతి ఇక్కడా పనికొస్తుంది: టైరు చుట్టూ నడిమధ్య గీత గీసి, ఆ గీతల మధ్య దూరాన్ని ముందు, వెనక కొలిచి పోల్చడం. కార్లకని కట్టిన అలైన్‌మెంట్ ర్యాంపులు ఈ పొడవుకూ నాలుగున్నర టన్నులు దాటే బరువుకూ చాలవు. లారీ షెడ్డువారికి స్థలం ఉంటుంది గాని, టార్షన్ బారు సంగతులు అంతగా పరిచయం ఉండవు.

1979లో టొరొనాడో చిన్న కారుగా మారింది. ఈ మోటార్‌హోమ్ తయారీ అంతకుముందే నిలిచిపోయింది. కంపెనీ వదిలేసిన జ్ఞానం యజమానుల సంఘాలకూ వారికి విడిభాగాలు చేసిపెట్టే చిన్న షెడ్డులకూ చేరింది. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువ కాస్టర్ కావాలని వారు తేల్చారు; అందుకు రంధ్రం నడిమధ్య నుంచి పక్కకు జరిగిన బుష్‌లు చేయించారు. వెనక ఒక్కో పక్క రెండేసి ఎయిర్ బ్యాగులు పెట్టే అమరికలూ వచ్చాయి. మొదట వచ్చిన 16.5 అంగుళాల రిమ్ములకు మంచి టైర్లు దొరకడం కష్టమై చాలామంది 16 అంగుళాలకు మారారు. రిమ్ము, టైరు రెండూ కలిపి మార్చాల్సిందే. 16 టైరును 16.5 రిమ్ముకు ఎక్కించబోతే అది పేలి ప్రాణం తీయగలదు. కొత్త టైరు పొడుగో పొట్టో అయితే మాన్యువల్‌లోని నేల కొలతలు అలాగే వర్తించవు. బరువు కింద టైరు వ్యాసార్థంలో వచ్చిన తేడాను వాటికి కలిపి గానీ తీసి గానీ చూసుకోవాలి.