బహుళ డ్రైవులలో మాడ్ మేనేజరు అమరిక

మాడ్ మేనేజరు అనగా కంప్యూటరు ఆటలకు అభిమానులు తయారుచేసిన మార్పులను, అనగా మాడ్‌లను, ఆటలో చేర్చడానికి, వాటిని తగిన వరుసలో ఉంచడానికి, అక్కరలేనప్పుడు తొలగించడానికి ఉపయోగపడే సాఫ్టువేరు. ఆట ఒక డ్రైవులో, మాడ్‌లు మరొక డ్రైవులో, ఇంటర్నెట్టు నుండి దింపుకున్న సంపీడిత ఫైళ్ళు ఇంకొక డ్రైవులో ఉన్నప్పుడు ఈ సాఫ్టువేరును ఎలా అమర్చుకోవాలన్నది చాలామందిని తికమక పెట్టే విషయం. అమరిక సరిగా లేకపోతే మాడ్‌లు పనిచేయకపోవడంతో సరిపోదు. ఆట మూల ఫైళ్ళు చెడిపోవచ్చు, దింపుకున్న పదుల గిగాబైట్ల సామగ్రి మళ్ళీ దింపుకోవలసి రావచ్చు, నెలల తరబడి ఆడుతూ భద్రపరచుకున్న ఆట తెరుచుకోకుండా పోవచ్చు.

నేపథ్యం

1993లో ఇడ్ సాఫ్టువేర్ సంస్థ విడుదల చేసిన డూమ్ ఆటలో పటాలు, బొమ్మలు, ధ్వనులు ముఖ్య ప్రోగ్రాము నుండి వేరుగా "వాడ్" అనే ఫైళ్ళలో ఉండేవి. ప్రోగ్రామును ముట్టుకోకుండానే కొత్త పటాలు చేర్చే వీలుండడంతో అభిమానులు వేల సంఖ్యలో వాటిని తయారుచేశారు. 1999లో హాఫ్-లైఫ్ ఆటకు మాడ్‌గా పుట్టిన కౌంటర్-స్ట్రైక్‌ను మరుసటి సంవత్సరం వాల్వ్ సంస్థ తానే విడుదల చేసింది. బెథెస్డా సంస్థ 2002లో మారోవిండ్ ఆటతో పాటు దాని ప్రపంచాన్ని మార్చుకునే ఉపకరణాన్ని కూడా ఆటగాళ్ళ చేతికిచ్చింది. అదే సంస్థకు చెందిన స్కైరిమ్ (2011), ఫాలౌట్ 4 (2015) ఆటలకు మాడ్‌లు విపరీతంగా వచ్చాయి. ఒక్కొక్క ఆటగాడు వందల కొద్దీ మాడ్‌లు వాడడం వీటితో మామూలైపోయింది.

తొలి రోజుల్లో మాడ్ ఫైళ్ళను ఆట ఫోల్డరులోకి చేత్తో కాపీ చేసేవారు. రెండు మాడ్‌లలో ఒకే పేరు గల ఫైలు ఉంటే రెండవది మొదటిదాన్ని తుడిచివేసేది. కొంతకాలానికి పాలలో నీళ్ళు కలిసినట్లు అన్నీ కలిసిపోయి, ఏది ఆటదో ఏది మాడ్‌దో విడదీయడం అసాధ్యమయ్యేది. చివరకు ఆటను మొత్తం తొలగించి మళ్ళీ స్థాపించుకోవడమే దారి.

ఈ ఇబ్బందిని తీర్చడానికే మాడ్ మేనేజర్లు వచ్చాయి. 2001లో మారోవిండ్ అభిమానుల సైటుగా రాబిన్ స్కాట్ మొదలుపెట్టినది క్రమంగా నెక్సస్ మాడ్స్ అనే పెద్ద భాండాగారంగా ఎదిగింది. ఆ సైటు మొదట నెక్సస్ మాడ్ మేనేజరును, 2018లో దాని స్థానంలో వోర్టెక్స్‌ను ప్రజలకు అందించింది. వోర్టెక్స్ అభివృద్ధికి నాయకత్వం వహించిన సెబాస్టియన్ హెర్బోర్డ్ అంతకుముందు మాడ్ ఆర్గనైజరును రూపొందించిన వ్యక్తే. ఆయన వదిలిపెట్టిన తరువాత ఆ పాత సాఫ్టువేరును స్వచ్ఛంద కార్యకర్తలు మాడ్ ఆర్గనైజర్ 2 పేరుతో కొనసాగిస్తున్నారు. ఒకే వ్యక్తి చేతిలో మొదలైనప్పటికీ ఈ రెండింటి పద్ధతులు పూర్తిగా భిన్నమైనవి. డ్రైవుల విషయంలో వచ్చే తేడా అంతా ఇక్కడి నుండే పుడుతుంది.

మూడు స్థానాలు

ఏ మేనేజరు వాడినా మూడు స్థానాలను వేరుగా గుర్తించాలి. ఆట స్థాపించబడిన ఫోల్డరు మొదటిది. దింపుకున్న సంపీడిత ఫైళ్ళు ఉండే ఫోల్డరు రెండవది. ఆ ఫైళ్ళను విప్పి, ఒక్కొక్క మాడ్‌ను ఒక్కొక్క ఉపఫోల్డరుగా పెట్టే నిల్వ ఫోల్డరు మూడవది. మాడ్‌ను "స్థాపించడం" అంటే విప్పి మూడవ చోట పెట్టడం మాత్రమే. ఆటకు అది కనబడేలా చేయడం వేరే పని.

ఆట వేగంగా తెరుచుకోవడానికి దానిని చిన్నదైన ఎస్.ఎస్.డి.లోను, స్థలం ఎక్కువ తినే మిగతా సామగ్రిని పెద్దదైన సాధారణ హార్డుడిస్కులోను పెట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. ఇందులో ఒక పొరపాటు దాగి ఉంది. ఆట నడిచేటప్పుడు మాడ్ ఫైళ్ళను అవి నిజంగా ఉన్న చోటి నుండే చదువుతుంది. నిల్వ ఫోల్డరు నెమ్మదైన డిస్కులో ఉంటే, ఆట ఎంత వేగమైన ఎస్.ఎస్.డి.లో ఉన్నా పెద్ద చిత్రాలు, ఆకృతులు నెమ్మదిగానే వస్తాయి. నెమ్మదైన డిస్కుకు నిశ్చింతగా పంపగలిగినది దింపుకున్న సంపీడిత ఫైళ్ళ ఫోల్డరును మాత్రమే. మాడ్‌ను విప్పిన తరువాత ఆట దాని జోలికి పోదు.

హార్డ్ లింకు, దాని హద్దు

వోర్టెక్స్ సాధారణంగా వాడే పద్ధతి హార్డ్ లింకు. విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. అనే ఫైలు వ్యవస్థలో ఫైలు పేరు వేరు, ఫైలులోని సమాచారం వేరు. సమాచారం డిస్కుమీద ఒకచోట ఉంటుంది, ఆ చోటును చూపే నమోదు ఒక పట్టికలో ఉంటుంది. ఒకే నమోదుకు రెండు పేర్లు ఇవ్వడమే హార్డ్ లింకు. నిల్వ ఫోల్డరులో ఒక పేరు, ఆట ఫోల్డరులో మరొక పేరు, వెనుక ఉన్నది మాత్రం ఒకే సమాచారం. కాబట్టి అదనపు స్థలం పట్టదు. ఫోల్డరు పరిమాణం చూసినప్పుడు విండోస్ రెండు చోట్లా లెక్కపెట్టి చూపుతుంది గనుక డిస్కు నిండిపోయినదని కంగారుపడేవారున్నారు. నిజమైన ఖాళీ ఎంతో డ్రైవు మొత్తం లెక్కలో తెలుస్తుంది.

నమోదు పట్టిక ఒక్కొక్క డ్రైవుకు ఒక్కొక్కటి. ఒక డ్రైవు పట్టికలోని పేరు మరొక డ్రైవు పట్టికలోని నమోదును చూపలేదు. అందువల్ల ఆట, నిల్వ ఫోల్డరు ఒకే డ్రైవులో ఉంటే తప్ప హార్డ్ లింకు సాధ్యం కాదు. ఆట డి డ్రైవులో ఉండి నిల్వ ఫోల్డరు సి డ్రైవులో ఉన్నప్పుడు వోర్టెక్స్ అభ్యంతరం చెప్పేది ఇందుకే.

ఇక్కడ డ్రైవు అంటే భౌతికమైన డిస్కు కాదు, విభాగం. మన దేశంలో దుకాణాలవారు కంప్యూటరు అమర్చి ఇచ్చేటప్పుడు ఒకే డిస్కును సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇవ్వడం వాడుక. ఆ ముక్కలు ఒకే డిస్కులో పక్కపక్కనే ఉన్నా వాటి పట్టికలు వేరు, కాబట్టి వాటి మధ్య కూడా హార్డ్ లింకు కుదరదు. పెన్‌డ్రైవులు, బయటి డిస్కులలో కనిపించే ఫ్యాట్ 32, ఎక్స్‌ఫ్యాట్ వ్యవస్థలలోనైతే హార్డ్ లింకు అనేదే లేదు.

విశాఖపట్నం విద్యార్థులకు ఊరిలోని ఉదాహరణ సులభంగా బోధపడుతుంది. గంగవరం రేవు ఉక్కు కర్మాగారాన్ని ఆనుకొని ఉన్నందున బొగ్గు కన్వేయరు పట్టీ మీదనే లోపలికి చేరగలదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజానికి ఆ వీలు లేదు. కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం మీదుగా దూరప్రయాణం చేసి రావాలి. హార్డ్ లింకు పట్టీ వంటిది, ఆనుకొని ఉంటేనే పనిచేస్తుంది. హద్దు దాటాలంటే కింద చెప్పిన వేరే ఏర్పాటు కావాలి.

సింబాలిక్ లింకు

సింబాలిక్ లింకు అసలు ఫైలు ఉన్న దారిని రాసిపెట్టుకున్న చిన్న చీటీ వంటిది. దారి ఏ డ్రైవుదైనా కావచ్చు. విండోస్ విస్టా నుండి ఈ సౌకర్యం ఉన్నది. అయితే దీనిని సృష్టించడానికి సాధారణంగా అడ్మినిస్ట్రేటరు అనుమతి కావాలి. 2017లో వచ్చిన విండోస్ 10 నవీకరణ నుండి డెవలపర్ మోడ్‌లో ఈ అనుమతి లేకుండానే సృష్టించే వీలు కలిగింది. కొన్ని ఆటలు ఈ లింకులను సరిగా అనుసరించవు. అదీగాక అసలు ఫైలు ఉన్న డ్రైవు అక్షరం మారితే చీటీ అలాగే ఉండి, చిరునామా మాత్రం తప్పుదవుతుంది. ఫోల్డర్లకు మాత్రమే పనిచేసే జంక్షన్ అనే పాత పద్ధతికీ ఇదే బలహీనత.

కల్పిత ఫైలు వ్యవస్థ

మాడ్ ఆర్గనైజర్ 2 లింకులు సృష్టించదు. ఆటను తన ద్వారా ప్రారంభించి, ఆట విండోస్‌ను ఫైలు కోసం అడిగినప్పుడల్లా మధ్యలో అందుకొని, నిల్వ ఫోల్డరులోని ఫైలును ఆట ఫోల్డరులోనే ఉన్నట్లు చూపిస్తుంది. ఆట మూయగానే ఆ మాయ తొలగిపోతుంది, అసలు ఫోల్డరు ఎప్పటివలెనే ఉంటుంది. కనుక ఆట, నిల్వ ఎన్ని డ్రైవులలో చెదరి ఉన్నా దీనికి అడ్డులేదు. అనేక డ్రైవులు తప్పనిసరి అయినవారికి, బెథెస్డా ఆటలు ఆడేవారికి ఇదే మేలైన ఎంపిక.

ఇందుకు మూల్యం లేకపోలేదు. ఆటను నేరుగా ప్రారంభిస్తే ఒక్క మాడ్ కూడా కనిపించదు. మాడ్‌లతో పనిచేసే ఇతర ఉపకరణాలను కూడా మేనేజరు లోపలి నుండే నడపాలి. అవి సృష్టించే కొత్త ఫైళ్ళు "ఓవర్‌రైట్" అనే ఫోల్డరులో పోగవుతాయి, వాటిని అప్పుడప్పుడు సర్దుకోవాలి. బెథెస్డా ఆటలలో ఈ మాయ డేటా ఫోల్డరుకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి, ముఖ్య ప్రోగ్రాము పక్కన ఉండవలసిన స్క్రిప్టు ఎక్స్‌టెండరు ఫైళ్ళను చేత్తోనే అక్కడ పెట్టడం వాడుక.

అమర్చే విధానం

వోర్టెక్స్‌లో దింపుళ్ళ ఫోల్డరు అన్ని ఆటలకు ఉమ్మడిది, దానిని ఏ డ్రైవులోనైనా ఉంచవచ్చు. నిల్వ ఫోల్డరును మాత్రం ఒక్కొక్క ఆటకు వేరుగా నిర్ణయించాలి. స్కైరిమ్ డి డ్రైవులోను, ఫాలౌట్ 4 ఇ డ్రైవులోను ఉంటే, మొదటిదాని నిల్వ డిలోను, రెండవదాని నిల్వ ఇలోను పెట్టాలి. ఈ మార్పును సెట్టింగులలోని మాడ్‌ల పుటలో చేయాలి. ఫైలు ఎక్స్‌ప్లోరరులో ఫోల్డరును లాగి మరొకచోట పడేస్తే మేనేజరుకు ఆ సంగతి తెలియదు. నిల్వ ఫోల్డరు ఆట ఫోల్డరు లోపల ఉండకూడదు. ఆటను తొలగించినప్పుడు దానితో పాటే పోయే ప్రమాదముంది.

మాడ్ ఆర్గనైజర్ 2లో ఒక మూల ఫోల్డరును ఎంచుకుంటే చాలు, మాడ్‌లు, దింపుళ్ళు, ప్రొఫైళ్ళు దాని కిందనే ఏర్పడతాయి. కావలసినవారు సెట్టింగులలోని దారుల పుటలో దింపుళ్ళను వేరే డ్రైవుకు మార్చుకోవచ్చు. దీనిని విండోస్ కాపలా ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులో స్థాపించరాదు. డ్రైవు మొదట్లోనే చిన్న పేరుతో ఒక ఫోల్డరు చేసుకోవడం మంచిది. మాడ్‌ల లోపలి దారులు చాలా పొడవుగా ఉండి, విండోస్ పాత పరిమితి అయిన 260 అక్షరాలను దాటిపోవడం అరుదు కాదు.

ఆటను వేరే డ్రైవుకు మార్చేటప్పుడు

స్టీమ్ ఒకటికంటే ఎక్కువ డ్రైవులలో గ్రంథాలయ ఫోల్డర్లను అనుమతిస్తుంది, స్థాపించిన ఆటను ఒకదాని నుండి మరొకదానికి తరలిస్తుంది. ఎక్కువ నష్టాలు జరిగేది ఇక్కడే. హార్డ్ లింకులతో నిండిన ఫోల్డరును మరొక డ్రైవుకు కాపీ చేస్తే లింకులు లింకులుగా పోవు, ఒక్కొక్కటి పూర్తి ఫైలుగా మారిపోతుంది. ఆట ఫోల్డరు ఒక్కసారిగా ఉబ్బిపోతుంది, ఏది మాడ్ ఫైలో మేనేజరుకు తెలియకుండా పోతుంది. అందుచేత ముందుగా వోర్టెక్స్‌లోని పర్జ్ ఆదేశంతో లింకులన్నీ తొలగించాలి. మాడ్ చేర్చినప్పుడు వేరే పేరుతో దాచిన మూల ఫైళ్ళు దీనితో యథాస్థానానికి వస్తాయి. ఆ తరువాత ఆటను తరలించి, మేనేజరుకు కొత్త చోటు చూపి, నిల్వ ఫోల్డరును కూడా అదే డ్రైవుకు మార్చి, మాడ్‌లను మళ్ళీ వినియోగంలోకి తేవాలి. మాడ్ ఆర్గనైజరులోనైతే ఆట కొత్త దారి చెప్పడంతో ఇంచుమించు పని అయిపోతుంది.

తరచుగా ఎదురయ్యే నష్టాలు

బయటి డిస్కులో నిల్వ ఉంచినవారు దానిని తగిలించకుండా మేనేజరును తెరిస్తే, నిల్వ ఫోల్డరు కనబడడం లేదని హెచ్చరిక వస్తుంది. కంగారులో కొత్త ఖాళీ ఫోల్డరుకు ఒప్పుకుంటే మేనేజరు పాత మాడ్‌లన్నీ పోయినట్లే భావిస్తుంది. అప్పుడు చేయవలసినది మేనేజరును మూసి, డిస్కును తగిలించి, పాత అక్షరమే వచ్చిందో లేదో చూడడం. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా అక్షరాన్ని స్థిరంగా కేటాయించుకోవచ్చు.

హార్డ్ లింకు ద్వారా చేరిన ఫైలును ఆట ఫోల్డరులో తెరిచి సవరిస్తే నిల్వలోని ప్రతి కూడా మారిపోతుంది, ఎందుకంటే అవి రెండు కావు. స్థలం కలిసివస్తుందని నిల్వ ఫోల్డరును తుడిచివేసినవారికి ఆట కొన్నాళ్ళు బాగానే నడిచినట్లు కనిపిస్తుంది, రెండవ పేరు ఇంకా ఉంది గనుక. తరువాత ఆ పేరు కూడా పోతే మాడ్ మిగలదు. ఈ నష్టం ఎప్పుడు జరిగిందో గుర్తుపట్టడం కూడా కష్టమే.

భద్రపరచిన ఆటలు చాలావరకు మాడ్‌ల డ్రైవులో ఉండవు. స్కైరిమ్, ఫాలౌట్ 4 వంటివి వాటిని డాక్యుమెంట్స్ లోని మై గేమ్స్ ఫోల్డరులో పెడతాయి. అది మామూలుగా సి డ్రైవు. మాడ్‌ల డ్రైవును నకలు తీసినంత మాత్రాన ఇవి భద్రంగా ఉన్నట్లు కాదు. మాడ్‌లతో భద్రపరచిన ఆట ఆ మాడ్‌లు లేనప్పుడు తెరిస్తే, అందులోని వస్తువులు, పాత్రలు మాయమవుతాయి. ఆ స్థితిలో మళ్ళీ భద్రపరిస్తే నష్టం శాశ్వతమవుతుంది. మాడ్ ఆర్గనైజర్ 2లో ఒక్కొక్క ప్రొఫైలుకు భద్రపరచిన ఆటలను విడిగా ఉంచుకునే ఎంపిక ఉన్నది. డ్రైవులు మార్చేటప్పుడు ముందుగా నకలు తీయవలసినవి ఇవే. మాడ్‌ను మళ్ళీ దింపుకోవచ్చు, నెక్సస్ సైటులో ఉచిత సభ్యులకు వేగం పరిమితమైనా చివరకు అది వస్తుంది. ఆడిన ఆటను ఏ సైటూ తిరిగి ఇవ్వదు.