తెర ఎవరి చేతిలో ఉంది?

1892లో హైదరాబాదులో లాలా దీన్‌దయాళ్ ఆడవాళ్ల కోసమే ఒక ఫోటో స్టూడియో తెరిచాడు. దాన్ని జనానా స్టూడియో అన్నారు. దీన్‌దయాళ్ అనగానే మనకి గుర్తొచ్చేది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు. రాజప్రాసాదాలు, దర్బారులు, వేటలు, వైస్రాయిల రాకపోకలు - ఆయన ఫోటోలు మగవాళ్ల అధికార చరిత్రకి సాక్ష్యాలుగా పుస్తకాలకెక్కాయి. జనానా స్టూడియో ప్రస్తావన మాత్రం సాధారణంగా ఒకటి రెండు వాక్యాల్లో ముగిసిపోతుంది. నాకు ఆ రెండు వాక్యాల దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది.

చుట్టూ ఎత్తైన గోడలు. లోపల కెమెరా పట్టుకున్నది కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనిత. సంపన్న కుటుంబాల ఘోషా స్త్రీలు అక్కడికి వచ్చి ఫోటోలు తీయించుకునేవారు. కెన్నీ-లెవిక్ పేరైనా మిగిలింది. ఆమె పక్కన పనిచేసిన స్థానిక స్త్రీలని ఆనాటి రాతలు 'సహాయకులు' అన్న ఒక్కమాటతో సరిపెట్టాయి.

ఘోషా స్త్రీకి అడ్డు కెమెరా కాదు, కెమెరా వెనక నిలబడ్డ మగవాడు. ఇదే చిక్కు వైద్యంలోనూ వచ్చింది. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి ప్రారంభించింది. విశాఖపట్నంలోని విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. నాడి చూడాలన్నా, ముఖం ఫోటో తీయాలన్నా ఆడమనిషే కావాలి. పరదా కొందరు స్త్రీలకి కొత్త వృత్తుల తలుపులు తెరిచింది. పితృస్వామ్యం తన అవసరం కోసం తెరిచిన తలుపులివి. అయినా తెరుచుకున్నాయి.

అయితే ఆ ఎత్తైన గోడ ఎవరి కోసం? ప్రభువుల ఇళ్ల ఆడవాళ్ల కోసం. పొలంలో నాట్లు వేసే మనిషికీ, అడవిలో కట్టెలు కొట్టే మనిషికీ ఏ గోడా లేదు. 1868 నుంచి 1875 వరకు వలస ప్రభుత్వం ఎనిమిది సంపుటాలుగా తెచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా'లో కులాలు, తెగల పేర్ల కింద మనుషుల్ని నమూనాల్లా నిలబెట్టి తీసిన ఫోటోలున్నాయి. వాటిలో చాలామంది స్త్రీలకి పేరు లేదు, కులం పేరే ఉంది. ఫోటోకి ముందు అనుమతి అడిగించుకునే హక్కు కూడా కులాన్నీ వర్గాన్నీ బట్టే పంపిణీ అయింది. ఫోటోగ్రఫీ చరిత్రని 'స్త్రీలందరి' చరిత్రగా రాయబోతే మొదట అడ్డొచ్చేది ఈ తేడానే.

ఇంకో సంగతి కూడా ఉంది. గోడ కాపాడేది ఫోటో తీసే ఆ కొద్దిసేపే. ఆ తర్వాత గాజు పలక మీది నెగెటివ్ స్టూడియో దగ్గరే ఉంటుంది. దాన్నుంచి ఎన్ని ప్రతులైనా తీయొచ్చు. దీన్‌దయాళ్ స్టూడియో గాజు పలకలు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. పరిశోధకురాలిగా అది నాకు సంతోషమే. కానీ గోడల మధ్య ముసుగు తీసిన మనిషి, తన బొమ్మ ఎవరి బీరువాలో ఉంటుందోనని ఒక్కసారైనా అనుకుని ఉండదా?

ఈ ప్రశ్నకి ఒక విచిత్రమైన సమాధానం 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద వచ్చింది. సైబీరియా నుంచి వలస వచ్చిన అనటోల్ జోసెఫో అక్కడ ఫోటోమాటన్ అనే యంత్రాన్ని పెట్టాడు. పాతిక సెంట్లు వేసి లోపల కూర్చుంటే ఎనిమిది ఫోటోల పట్టీ బయటికొచ్చేది. మొదటి ఆరు నెలల్లో 2,80,000 మంది వచ్చారని లెక్క. 1927లో దాని హక్కులు పది లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయి.

ఈ లెక్కల కన్నా నన్ను ఆకట్టుకునేవి రెండు విషయాలు. ఒకటి, లోపల ఫోటోగ్రాఫర్ లేడు. 'గడ్డం కొంచెం కిందికి దించమ్మా, నవ్వమ్మా' అనే గొంతు లేదు. రెండు, యంత్రం నేరుగా కాగితం మీదే బొమ్మ తీస్తుంది. నెగెటివ్ ఉండదు. పట్టీ ఎవరి చేతిలో ఉంటే బొమ్మ వాళ్లది, ఇంకో ప్రతి ఎక్కడా లేదు. జనానా స్టూడియో గోడ ఇవ్వలేని రక్షణని ఈ యంత్రం, అలా అనుకోకుండానే, ఇచ్చింది.

ఆ విలువని లోకం కళ్లకి దాక్కోవాల్సిన వాళ్లే ముందు గుర్తించారు. 1953లో కెనడాలోని వాంకూవర్‌లో ఇద్దరు పురుషులు బూత్‌లో ముద్దు పెట్టుకుంటూ తీసుకున్న ఫోటో ఇవాళ స్వలింగ ప్రేమికుల చరిత్రలో భాగం. అప్పటికి అక్కడ అది నేరం. మామూలు కెమెరాతో తీస్తే రీలు కడగడానికి ల్యాబ్‌కి ఇవ్వాలి, అక్కడ ఎవరో ఒకరు చూస్తారు. బూత్‌లో మూడో మనిషి లేడు.

కానీ యంత్రంలోంచి ఫోటోగ్రాఫర్ పోయినంత మాత్రాన చూపు మీద అధికారం పోయిందనుకోలేం. 1963లో ఒక కళా సేకర్త తన భార్య ఎథెల్ స్కల్ చిత్రం వేయమని ఆండీ వార్హోల్‌ని అడిగాడు. మంచి స్టూడియోకి తీసుకెళ్తాడని ఆమె ముస్తాబై వస్తే, వార్హోల్ టైమ్స్ స్క్వేర్ దగ్గరి బూత్‌లలో కూర్చోబెట్టి చిల్లర వేస్తూ పోయాడు. ఆ పట్టీల్లోంచి పుట్టిందే 'ఎథెల్ స్కల్ 36 టైమ్స్'. కళ్లజోడు తీస్తూ, పెడుతూ, నవ్వుతూ, జుట్టులో వేళ్లు పోనిస్తూ ముప్పై ఆరు ఎథెల్‌లు. లోపల ఒంటరిగా నటించింది ఆమె. డబ్బు భర్తది, సంతకం వార్హోల్‌ది. ఆ చిత్రానికి ఆమె కూడా కర్త కాదా అని కళాచరిత్ర ఎప్పుడో అడగాల్సింది.

1995లో జపాన్‌లో వచ్చిన 'ప్రింట్ క్లబ్' యంత్రం వెనక ఉన్నది ఒక స్త్రీ ఆలోచన. అట్లస్ కంపెనీ ఉద్యోగి సాసాకి మిహో, ఆడపిల్లలకి స్టిక్కర్లంటే ఉన్న ఇష్టాన్ని గమనించి, ఫోటోనే స్టిక్కర్‌గా అచ్చువేస్తే బాగుంటుందంది. పై అధికారులు మొదట పట్టించుకోలేదట. తర్వాత దేశమంతా ఆ యంత్రాల ముందు స్కూలు పిల్లలు బారులు తీరారు. మగవాళ్లు మాత్రమే గుంపుగా వస్తే రానివ్వని చోట్లు కూడా వెలిశాయి. ఆడపిల్లలు తమకి తామే తీసుకుని, తమలో తామే పంచుకునే బొమ్మలవి. జనానా మళ్లీ వచ్చింది, ఈసారి గోడ వాళ్లు కోరుకున్నది.

ఆ ఆనందంలోకే తర్వాత కళ్లు పెద్దవి చేసే, చర్మాన్ని తెల్లగా చేసే ఏర్పాట్లు చేరాయి. ఇది యంత్రానికి కొత్తగా పుట్టిన బుద్ధి కాదు. కలర్ ఫిల్ములో రంగులు సరిచూసుకోడానికి కొడాక్ ల్యాబ్‌లకి పంపిన 'షిర్లీ కార్డుల' మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. ఆ ముఖం బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు. 2018లో జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్లు ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే వ్యాపార సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్లని స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి.

మన దగ్గర ఈ పని చేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేకపోయింది. పెళ్లిచూపుల ఫోటోని పెన్సిలుతో 'టచప్' చేసే స్టూడియోలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. మా అమ్మ పెళ్లిచూపుల ఫోటోలో అమ్మ ఎంత తెల్లగా ఉంటుందంటే, చిన్నప్పుడు నేను ఆవిడెవరని అడిగేదాన్ని. మా అమ్మమ్మకైతే, ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని పెద్దవాళ్లు చెప్పిన భయం. ఆవిడ ఒక్కతే ఉన్న ఫోటో ఓటరు కార్డుది ఒకటే. పోయాక దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. ఆవిడ ముఖాన్ని ఆవిడ కోసం ఎవరూ తీయలేదు. పెళ్లికొడుకు తరఫు వాళ్లు చూడటానికి అమ్మది, ప్రభుత్వం చూడటానికి అమ్మమ్మది.

ఈ చరిత్రంతా తలలో తిరుగుతుండగా, మా కళాశాల పూర్వ విద్యార్థినుల సమావేశానికి ఫోటో బూత్ అద్దెకి మాట్లాడే పని నాకు వచ్చింది. డెబ్భై దాటిన మేడమ్‌ల నుంచి నిన్నమొన్న డిగ్రీ పూర్తయిన పిల్లల దాకా వస్తారు. పిల్లలు 360 డిగ్రీల బూత్ కావాలన్నారు. అందులో మనం గుండ్రటి పీట మీద నిలబడితే, కెమెరా మన చుట్టూ తిరుగుతూ వీడియో తీస్తుంది. చుట్టూ జనం నిలబడి చూస్తుంటారు. తెర అనేదే లేదు. 'కాస్త నడిచి చూపించమ్మా' అని పెళ్లిచూపుల్లో విన్న మా తరానికి ఆ పీట ఎక్కడం అంత సరదాగా అనిపించలేదు. చీరతో, మోకాళ్ల నొప్పులతో ఎక్కడమూ కష్టమే. 'మమ్మల్నెవరూ నిలబెట్టడం లేదక్కా, మేమే నిలబడుతున్నాం' అంది ఒక పిల్ల. ఆ మాటని తేలిగ్గా తీసేయలేం. చూపుని ఎదుర్కొని ఆడుకోవడం కూడా ఒక స్వేచ్ఛే.

అందుకని వాదన మానేసి, అద్దెకిచ్చేవాళ్లని ప్రశ్నలడిగాం. ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి, ఎన్నాళ్లు? మీ ప్రచారానికి వాడుకుంటారా? క్యూఆర్ కోడ్ కొడితే ఎవరి ఫోటోలు వాళ్లకే వస్తాయా, అందరివీ అందరికీ కనిపిస్తాయా? రంగు తెల్లబరిచే ఏర్పాటు ఆపేయొచ్చా? వీల్‌చైర్ లోపలికి పడుతుందా? పక్కన నిలబడి నడిపేది ఎవరు? చాలామంది బ్యాక్‌డ్రాప్ రంగు గురించీ, మీసాలూ కళ్లజోళ్ల ప్రాప్స్ గురించీ చెప్పడానికి సిద్ధమై వచ్చినవాళ్లు. 'ఫోటోలన్నీ మా దగ్గరే భద్రంగా ఉంటాయి మేడమ్' అని ఒకతను భరోసాగా చెప్పాడు. మా భయం సరిగ్గా అదే. మాలో ఒకామె ఫోటో ఏదో ఫంక్షన్ ఆల్బమ్‌లోంచి తీసి, మార్చి, ఊరంతా పంపిన వాళ్లున్నారు. ఆమె మూడేళ్లుగా ఏ సభకీ రావడం లేదు. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టం చేశారు. కానీ ఫంక్షన్ హాల్లో ఆ చట్టం పేరెత్తేదెవరు?

చివరికి తెర ఉన్న బూత్ తీసుకున్నాం. అక్కడికక్కడే రెండు ప్రింట్లు, అదే రాత్రి మా ఎదుటే మెమరీ కార్డు ఖాళీ చేయడం, నడపడానికి ఒక అమ్మాయి - ఇవన్నీ రసీదు మీదే రాయించాం. పిల్లల కోసం 360 బూత్ కూడా పెట్టాం. అయితే వాళ్ల ఫోనుతోనే తీసేటట్టు, వేరే గదిలో. ఖర్చు కొంత పెరిగింది. ఆమె వస్తానని కబురు పంపింది.

కెన్నీ-లెవిక్ పక్కన నిలబడ్డ ఆ పేరులేని సహాయకుల్లో ఎవరైనా, పని అయిపోయాక, తమ ఫోటో తీయమని అడిగి ఉంటారా? జనానా స్టూడియో చరిత్ర పూర్తిగా రాయగలిగిన రోజున అక్కడి నుంచి మొదలుపెట్టాలని నాకుంది. ఈలోపు మన ఇళ్లలోని పాత ఆల్బములు ఉండనే ఉన్నాయి. అమ్మలని కూర్చోబెట్టుకుని అడుగుదాం: ఈ ఫోటో ఎవరు తీయించారు, ఎవరికి చూపించడానికి, నీకు ఇష్టమయ్యే తీయించుకున్నావా? వాళ్లు చెప్పేది రాసిపెడదాం. ఫోటో వెనక ఉన్న ఖాళీ అందుకు సరిపోతుంది.