నిమ్మళంగా ఉన్నచోటే...

సముద్రానికి వెళ్తే పిల్లల్ని ఎక్కడ నిలబెడతాం? నురగలు కక్కే అలల దగ్గరికి వద్దంటాం. "అదుగో, అక్కడ నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి, అక్కడాడుకోండర్రా" అంటాం. విశాఖలో నేనూ అలాగే అన్నాను. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి, "అక్కడొద్దమ్మా, లోనకి లాగేస్తాది" అన్నాడు. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే, ఆ ఒక్క మాట వెనక పెద్ద కథే కనిపించింది.

ఆస్ట్రేలియాలో సిడ్నీవాళ్ళు ఒకప్పుడు పగటిపూట సముద్రస్నానం చెయ్యకూడదు. మర్యాద కాదట! 1902లో మాన్లీ అనే చోట ఒక పత్రికా సంపాదకుడు పట్టపగలే నీళ్ళలోకి దిగి ఆ నిషేధాన్ని ధిక్కరించాడు. మరుసటేడు నిషేధం సడలింది. జనం ఉత్సాహంగా దిగారు. సిగ్గు తీరింది గానీ, సముద్రం స్వభావం మాత్రం తెలియదే! మునిగేవాళ్ళని కాపాడ్డానికి ఊరి యువకులే దళాలుగా ఏర్పడ్డారు. బోండై బీచిలో 1907లో అలాంటి క్లబ్బు వెలిసింది.

దాని విలువ 1938 ఫిబ్రవరి 6న తెలిసింది. అక్కడ అది వేసవి, ఆదివారం. నీటి అడుగునున్న ఇసుకతిన్నె మీద వందలమంది నిలబడి కేరింతలు కొడుతున్నారు. హఠాత్తుగా పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి విరుచుకుపడ్డాయి. ఆ నీరు వెనక్కి మళ్ళుతూ రెండువందల మందికి పైగా లోతుకి ఈడ్చుకుపోయింది. క్లబ్బు ఈతగాళ్ళు పదులకొద్దీ ఆ సమయానికి ఒడ్డునే ఉండబట్టి సరిపోయింది. అయినా అయిదుగురు దక్కలేదు.

ఇంతకీ లాగేది ఏమిటి? అలలు ఒడ్డుకి మోసుకొచ్చిన నీరు తిరిగిపోవాలి కదా! తిన్నెల మధ్య సందు దొరికితే అందులోంచి కాలువలా లోపలికి పరుగెడుతుంది. ఆ సందు లోతుగా ఉంటుంది కాబట్టి అక్కడ అలలు విరగవు. మనకి నిమ్మళంగా కనిపిస్తుంది! 1936లో ఫ్రాన్సిస్ షెపర్డ్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి "రిప్ కరెంట్" అని పేరుపెట్టాడు. ఇది మనిషిని అడుక్కి లాగదు, దూరానికి లాగుతుంది. ఒడ్డుకేసి ఎదురీది అలిసిపోయినవాళ్ళే ఎక్కువగా మునుగుతారు. కంగారుపడకుండా తేలుతూ, చెయ్యెత్తి సాయం కోరాలి. ఈత వచ్చినవాళ్ళు ఒడ్డు వెంబడి పక్కకి ఈది, అలలు విరిగేచోటు నుంచి బయటికి రావాలి. ఈత రానివాళ్ళు రక్షించబోయి వెంట దూకకూడదు. తేలే వస్తువేదైనా అందించాలి.

ఈసారి విశాఖ వెళ్తే నేను ముందు నీళ్ళకేసి చూడను. ఆ ముసలాయన ఎక్కడున్నాడో వెతుక్కుంటాను.