సారా దుకాణం మూతపడిన తరువాత

ట్రెజరీలలో పనిచేసిన మన మిత్రులకు 0039 పద్దు గుర్తుండే ఉంటుంది. అది ఎక్సైజు రాబడి పద్దు. ఖజానాకు అదొక పెద్ద ఆదరువు. మరి తాగుడు వల్ల చితికిన మనిషిని తిరిగి నిలబెట్టడానికి అందులోంచి ఎంత ఖర్చయింది? సర్వీసులో ఉండగా ఈ ప్రశ్న మనలో చాలామందిమి వేసుకోలేదు.

తాగుడు మాన్పించడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న పాతదే. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. కోల్పోయిన రాబడిని పూడ్చడానికి 1939లో మద్రాసు రాష్ట్రంలో అమ్మకపు పన్ను తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 47వ అధికరణం మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రంగా చేర్చింది.

మన రాష్ట్రంలో ఈ విషయాన్ని ముందుకు తెచ్చినది నెల్లూరు జిల్లా స్త్రీలు. 1991లో అక్కడ మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన తల్లులు, తమ కష్టానికి మూలం సారా అని గుర్తించారు. దూబగుంటలో రోశమ్మగారి వంటివారు ముందు నడిచారు. 1992లో సారా వేలం పాటలను అడ్డుకున్నారు. ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. రాబడి తగ్గిపోవడం అందుకు చెప్పిన కారణాలలో ముఖ్యమైనది.

ఆ పోరాటం దుకాణం మూయించగలిగింది. కానీ ఏళ్ల తరబడి తాగినవాడికి ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, ఫిట్సు కూడా రావచ్చు. వైద్యం కావాలి. తరువాత నెలల తరబడి కనిపెట్టి ఉండే మనుషులు కావాలి. అందుకు కేంద్ర ప్రభుత్వం 1985-86లో ఒక పథకం ప్రారంభించింది. వ్యసన విముక్తి కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇవ్వడం దాని పద్ధతి. ఆమోదించిన ఖర్చులో 90 శాతం వరకు ప్రభుత్వం భరిస్తే, మిగిలినది సంస్థ సమకూర్చుకోవలసి ఉండేది.

ఊరివాళ్లు చేయి కలిపితే ఏమవుతుందో తమిళనాడులోని మంజక్కుడి చూపించింది. 1980లో శాంతి రంగనాథన్ మద్రాసులో స్థాపించిన సంస్థ 1989లో ఆ గ్రామంలో శిబిరం పెట్టింది. రోగి పట్నం ఆసుపత్రికి వెళ్లవలసిన పని లేకుండా, వైద్యమే ఊరికి వచ్చింది. కుటుంబం, ఇరుగుపొరుగు అందులో భాగమయ్యారు.

అయినా అవసరం కొండంత. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో ప్రకటించిన సర్వే ప్రకారం, మద్యం వల్ల నష్టపోతూ సహాయం అవసరమైనవారు దేశంలో 5.7 కోట్లకు పైనే. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. 2020 ఆగస్టు 15న 272 జిల్లాలలో నషా ముక్త్ భారత్ కార్యక్రమం మొదలైంది. 14446 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది.

మన ఇళ్లలో కొడుకో, అల్లుడో, ఒక్కోసారి మనలోనే ఒకరో ఈ జబ్బుతో ఉండవచ్చు. పరువు పోతుందని దాచి ఉంచిన కొద్దీ అది ముదురుతుంది. ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకుందాం. ఎక్సైజు రాబడిలో ఒక నిర్దిష్టమైన వాటా ఊరూరా ఇటువంటి కేంద్రాలకు కేటాయించాలని మన సంఘం తరఫున అడుగుదాం. పద్దులు రాసిన చేతులు మనవి. ఈ లెక్క అడిగే హక్కు మనకు ఉంది.