ఆల్డ్‌బరా మేయరు ఇంటి ఆడపిల్లలు

ఇంగ్లండు తూర్పు తీరాన, సఫోక్ ప్రాంతంలో ఆల్డ్‌బరా అనే చిన్న ఊరుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ ఊళ్లో అందరికన్నా గట్టిగా మాట చెల్లిన మనిషి న్యూసన్ గారెట్. బార్లీ వ్యాపారి, పడవల యజమాని, చివరి రోజుల్లో ఊరికి మేయరు. ఆయన పేరు ఇప్పుడు సఫోక్ దాటితే ఎవరికీ పెద్దగా తెలియదు. కూతుళ్ల పేర్లు లేకుండా మాత్రం బ్రిటన్ చరిత్ర రాయలేం.

న్యూసన్ 1812లో పక్కనే ఉన్న లీస్టన్‌లో పుట్టాడు. వాళ్లది వ్యవసాయ యంత్రాలు తయారుచేసే కుటుంబం. కార్ఖానా అన్న రిచర్డ్ చేతికి వెళ్లింది. తమ్ముడు తన బతుకు తను వెతుక్కోవాల్సి వచ్చింది. 1834లో లూయిసా డన్నెల్‌ను పెళ్లాడి, లండన్‌లో పేదలుండే వైట్‌చాపెల్‌లో తాకట్టు కొట్టు నడిపాడు. 1836లో కూతురు ఎలిజబెత్ పుట్టింది అక్కడే. 1841లో సొంత ప్రాంతానికి తిరిగొచ్చి, ఆల్డ్ నది ఒడ్డున స్నేప్ దగ్గర ధాన్యం, బొగ్గు వ్యాపారం కొన్నాడు.

చుట్టుపక్కల రైతుల బార్లీ స్నేప్ రేవుకి చేరేది, అక్కడినుంచి పడవల మీద లండన్ వెళ్లేది. గింజల్ని అలాగే అమ్మేకంటే మాల్ట్ చేసి అమ్మితే లాభం ఎక్కువని న్యూసన్ 1850లలో అక్కడే బట్టీలు కట్టించాడు. పని తేలికేమీ కాదు. బార్లీని తొట్లలో నానబెట్టాలి. తర్వాత నేలమీద పరిచి, మొలకలు వచ్చేదాకా చెక్క పారలతో తిరగేస్తూ ఉండాలి. అదను చూసి బట్టీకి ఎక్కించి ఆరబెట్టాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలక గింజలోని సత్తువను తినేస్తుంది. ఆ మాల్ట్ బీరు తయారీదారులకు వెళ్లేది. స్నేప్‌లో ఈ పని 1965 దాకా సాగింది. రెండేళ్లకి ఆ కట్టడాల్లోనే సంగీతకారుడు బెంజమిన్ బ్రిటెన్ కచేరీ హాలు తెరిపించాడు.

న్యూసన్‌ది ముక్కోపం. అన్నతో పడేది కాదు, ఊరి చర్చి గురువుతోనూ పడేది కాదు. అయితే ఆయన పంతంలో ఒక మేలు ఉంది: మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి అన్న లెక్క ఆయనకు లేదు. ఎలిజబెత్‌ను, ఆమె అక్క లూయీని లండన్ దగ్గరి బ్లాక్‌హీత్‌లో బోర్డింగ్ స్కూల్లో చేర్పించినప్పుడు, పిల్లలకు వారానికోసారి వేడినీళ్ల స్నానం ఉండి తీరాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ రోజుల్లో అది ఎంత వింతంటే, తోటి పిల్లలు వాళ్లకి ‘స్నానాల గారెట్లు’ అని పేరు పెట్టేశారు.

1860లో ఎలిజబెత్ డాక్టరు చదువుతానంది. విన్న వెంటనే తండ్రికి అసహ్యం వేసింది. తల్లి పరువు పోయిందని ఏడ్చింది. కానీ చేతకాదని ఎదుటివాళ్లు తన కూతురిని తీసిపారేసేసరికి న్యూసన్‌కి రోషం వచ్చింది. లండన్ హార్లీ స్ట్రీట్‌లో పెద్ద డాక్టర్ల గడపలన్నీ ఆమెను వెంటబెట్టుకుని ఎక్కి దిగాడు. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మగ విద్యార్థులు ఫిర్యాదు చేసి ఆమెను బయటికి పంపించారు. ఇక మిగిలిన దారి వైద్యం చేసేందుకు అనుమతినిచ్చే అపోథెకరీస్ సొసైటీ పరీక్ష. ఆ సంస్థ నిబంధనల్లో ఆడవాళ్లకు ప్రవేశం లేదని ఎక్కడా లేదు. పరీక్షకు కూర్చోనివ్వకపోతే కోర్టుకి లాగుతానని న్యూసన్ హెచ్చరించాడు. సొసైటీ దిగొచ్చింది. 1865లో ఎలిజబెత్ ఆ పరీక్ష గెలిచింది. వెంటనే సొసైటీ నిబంధన మార్చి, మిగతా ఆడవాళ్లకు ఆ తలుపు మూసేసింది. కూతురి పట్టుదల, తెలివి లేకపోతే ఏదీ జరిగేది కాదు, నిజమే. అయినా బార్లీ డబ్బు, తండ్రి మొండితనం వెనక లేకపోతే ఆ తలుపు ఆ ఏడాది తెరుచుకునేదా అన్నది సందేహమే.

ఆ గెలుపు ఫలం మద్రాసు దాకా వచ్చింది. లండన్ మహిళా వైద్య కళాశాలకు ఎలిజబెత్ 1883 నుంచి దాదాపు ఇరవయ్యేళ్లు డీన్. మద్రాసులో చదువు మొదలుపెట్టి ఆ కళాశాలలో పట్టా పూర్తిచేసిన మేరీ షార్లీబ్ తిరిగొచ్చి, 1885లో గోషా స్త్రీల ఆసుపత్రి స్థాపించింది. చిన్ననాటి పెళ్లిని ఒప్పుకోనన్న కోర్టు కేసుతో దేశమంతా తెలిసిన రుక్మాబాయి డాక్టరు చదువు చదివింది కూడా అక్కడే.

ఎలిజబెత్ చెల్లెలు మిలిసెంట్ 1867లో హెన్రీ ఫాసెట్‌ను పెళ్లాడింది. ఆయన అంధుడు, కేంబ్రిడ్జి ప్రొఫెసరు, పార్లమెంటు సభ్యుడు. భారతదేశపు పన్ను సొమ్ము ఎలా ఖర్చవుతోందని సభలో పదేపదే నిలదీసి, ‘ఇండియా సభ్యుడు’ అనిపించుకున్నాడు. మిలిసెంట్ ఆడవాళ్ల ఓటు కోసం దాదాపు అరవయ్యేళ్లు శ్రమించింది. ఇంకో చెల్లెలు ఆగ్నెస్ ఇళ్ల అలంకరణను వృత్తిగా చేసుకుని సొంత సంస్థ నడిపింది. తమ్ముడు శామ్యూల్ న్యాయవాది, ఆడవాళ్లను ఆ వృత్తిలోకి రానివ్వాలని వాదించినవాడు.

న్యూసన్ 1893లో పోయాడు. ఎలిజబెత్ భర్త జేమ్స్ ఆండర్సన్ కూడా ఆల్డ్‌బరా మేయరుగా చేసి 1907లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది నవంబరులో ఊరు ఎలిజబెత్‌ను మేయరుగా ఎన్నుకుంది. ఇంగ్లండులో మేయరైన తొలి మహిళ ఆమే. అప్పటికి వయసు 72.

ఇంటి పంతం తరువాతి తరానికీ వచ్చింది. ఓటు పోరాటంలో అద్దం పగలగొట్టినందుకు 1912లో ఎలిజబెత్ కూతురు, సర్జన్ లూయిసా, జైలుకెళ్లింది. పిన్ని మిలిసెంట్‌కి ఆ దారి ఏమాత్రం నచ్చలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లూయిసా లండన్‌లో ఆడవాళ్లే నడిపిన సైనిక ఆసుపత్రికి చీఫ్ సర్జన్. ఎలిజబెత్ 1917లో చనిపోయింది. మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లకు ఓటిచ్చిన చట్టం 1928లో వచ్చింది. అది పార్లమెంటులో గట్టెక్కుతుంటే మిలిసెంట్ గ్యాలరీలో కూర్చుని చూసింది.