జేబులో పట్టే తమంచా, లాక్కున్న కారఖానా

జేబు అన్న మాట అరబీలో పుట్టి ఫార్సీ, ఉర్దూల మీదుగా మన తెలుగులోకి వచ్చింది. ఆ జేబులో పట్టే తమంచా మాత్రం యూరప్‌లో తయారైంది. నాకు ఆయుధాల షౌక్ లేదు, కారీగరీ అంటే షౌక్. అరచేతిలో ఇమిడే ఇనుములో అంత దిమాగ్ ఎలా పెట్టారా అని పాత జర్మన్ పిస్తోళ్ల తారీఖ్ చదవడం మొదలుపెడితే, అందులో ఒక ఖాందాన్ కథ తగిలింది.

ఈ హునర్‌లో ముందు నడిచింది జర్మన్లు కాదు. అమెరికన్ ఉస్తాద్ జాన్ బ్రౌనింగ్ గీసిన చిన్న పిస్తోళ్లను బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ 1900లో ఒకటి, 1906లో ఇంకా చిన్నది ఒకటి బజారులోకి తెచ్చింది. గిరాకీ చూసి జర్మన్లూ దిగారు. 1908లో కార్ల్ వాల్టర్ తన మొదటి మోడల్ తెచ్చాడు, 6.35 మిల్లీమీటర్ల తూటాది. ఆయన కారఖానా థురింగియా కొండల్లో, ఇప్పుడు జెల్లా మేలిస్ అనే ఊళ్లో ఉండేది. పక్కనే సూల్ అనే షహర్. తరాలుగా ఆ ఇలాఖాకి తుపాకులే రోజీ.

పెద్ద తూటా పేల్చే ఫౌజీ పిస్తోల్‌లో గొట్టానికీ దాని మీద కదిలే స్లైడ్‌కీ మధ్య తాళం లాంటి ఏర్పాటు కావాలి. చిన్న తూటాకి ఆ అవసరం లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు కలిసి గుండు గొట్టం దాటేదాకా పేలిన తూటా డొక్కును ఆపి ఉంచుతాయి. తాళం పోతే భాగాలు తగ్గుతాయి, ఖరీదూ తగ్గుతుంది.

అసలు ముష్కిల్ హిఫాజత్‌ది. తూటా నింపి, లోపలి స్ప్రింగు బిగించి ఉన్న పిస్తోల్‌ని జేబులో వేసుకుని తిరగడం ఖతర్నాక్ పని. 1929లో వాల్టర్ కంపెనీ పోలీసుల కోసం తెచ్చిన పీపీ మోడల్ దీనికి మంచి జవాబు. హామర్ దించి పెట్టుకోవచ్చు. అవసరమైనప్పుడు ట్రిగ్గర్ పొడుగ్గా లాగితే హామర్ తనే లేచి కొడుతుంది. లోపల తూటా ఉంటే వెనక చిన్న పుల్ల బయటికి పొడుచుకొస్తుంది, చీకట్లో వేలితో తడిమినా తెలిసిపోతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పుల్లే. దీన్నే కురచ చేసి పీపీకే తెచ్చారు. లోకం దాన్ని హిట్లర్ ఖుద్‌కుషీతో, జేమ్స్ బాండ్‌తో గుర్తుపెట్టుకుంది.

సూల్‌లో ఇంకో కారఖానా ఉండేది, సిమ్సన్. లోబ్, మోజెస్ అనే యూదు సోదరులు 1856లో మొదలుపెట్టారు. మొదటి జంగ్ ఓడిపోయాక వర్సాయ్ ఒప్పందం జర్మన్ ఫౌజ్‌ని లక్ష మందికి కుదించింది. ఆ ఫౌజ్‌కి చిన్న ఆయుధాలు ఇచ్చే హక్కు సిమ్సన్ ఒక్కరికే దక్కింది. వాళ్లూ 1922లో, 1927లో 6.35 జేబు పిస్తోళ్లు చేశారు. గొప్ప నయాపన్ ఏమీ లేదు గానీ శుభ్రమైన పని.

నాజీ హుకూమత్ వచ్చాక ఆ హక్కే వాళ్ల మెడకు చుట్టుకుంది. సర్కారు దగ్గర ఎక్కువ మునాఫా తిన్నారని ఇల్జాం మోపారు. థురింగియా నాజీ పెద్ద ఫ్రిట్జ్ సౌకెల్ 1935లో కారఖానా లాగేసుకున్నాడు. 1936లో ఖాందాన్ ముల్క్ వదిలి చివరికి అమెరికా చేరింది. ముల్క్ ఫౌజ్‌కి తుపాకులు చేసిచ్చిన ఇంటివాళ్లు వీళ్లు! 1938 నవంబరులో యూదుల దుకాణాలు, ప్రార్థనాలయాలు ధ్వంసం చేసిన రెండు రోజుల్లోనే, యూదులెవరి దగ్గరా తుపాకీ గానీ కత్తి గానీ ఉండకూడదని ఫర్మానా వచ్చింది.

కబ్జా చేసిన కారఖానా తర్వాత గుస్ట్‌లోఫ్ పేరుతో నడిచింది. ఆ కంపెనీ బూహెన్‌వాల్డ్ క్యాంపు ఖైదీలతో పని చేయించుకుంది. వాల్టర్ కంపెనీ చేతులూ సాఫ్ కాదు, నాయెన్‌గామె క్యాంపులో ఖైదీలతో రైఫిల్ భాగాలు చేయించింది. వెనక పుల్ల పెట్టి కొనేవాడి జాన్ కాపాడాలనుకున్న బుర్రలే ఇవి కూడా.

సౌకెల్‌ని న్యూరెంబర్గ్ అదాలత్ 1946లో ఉరి తీయించింది. వాల్టర్ కొడుకు ఫ్రిట్జ్ పశ్చిమానికి పారిపోయి లెక్కలు చేసే మెషిన్లతో మళ్లీ మొదలుపెట్టాడు. 1950లలో పీపీకే ఫ్రాన్స్‌లో మాన్యురిన్ కంపెనీ చేతుల్లో తయారైంది. సూల్ తూర్పు జర్మనీలో ఉండిపోయింది. అక్కడి సర్కారు సిమ్సన్ పేరును మోపెడ్ల మీద వేసి అమ్మింది. ష్వాల్బె అనే ఆ బండ్లను జర్మన్ కుర్రాళ్లు ఇప్పటికీ షౌక్‌గా నడుపుతున్నారు.